కష్టాల్లో ఉన్న చిన్న ఫైనాన్స్ కంపెనీ షేరు కొనొచ్చా? మన నల్లగొండ, పాలమూరు దిక్కు తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ, మిర్యాలగూడ, జడ్చర్ల, వనపర్తి దిక్కు ఇప్పుడు చాన ఇండ్లల్ల డీమ్యాట్ అకౌంట్ (షేర్లు ఉంచుకునే ఖాతా) ఉంటున్నది. పత్తి పైసలు, ప్లాటు అమ్మిన పైసలు, రిటైర్ అయిన సార్లకు వచ్చిన పైసలు, అన్నిట్ల కొంత షేర్లలోకి పోతున్నది, అందులో మళ్లీ పడిపోయిన చిన్న బ్యాంకులు, ఎన్‌బీఎఫ్‌సీల (బ్యాంకు కాని లోన్ల కంపెనీల) షేర్ల మీద జనానికి ఒక మోజు. వచ్చే ప్రశ్నలు దాదాపు ఒకటే తీరు ఉంటున్నయ్, అందుకే అన్నిటికి ఒక్క కాడ జవాబు రాస్తున్న. నేను సెబీ రిజిస్టర్డ్ అడ్వైజర్‌ను కాదు, ఫలానా షేరు కొనుర్రి, అమ్ముర్రి అని ఇందులో ఎక్కడా ఉండదు.

ప్రశ్న: షేరు 90 నుంచి 9కి వచ్చింది. ఇంకెంత పడుతది అన్నా?

ఇంకా నూటికి నూరు పడొచ్చు. 90 కాడ కొన్నోడికి తొంభై శాతం పోయింది, 9 కాడ కొన్నోడికి కూడ పోవడానికి మొత్తం పైస ఉన్నది. పాత రేటుకు ఇప్పటి కంపెనీకి సంబంధం లేదు.

అప్పులిచ్చే కంపెనీ వేరే కంపెనీల లెక్క కాదు. సిమెంటు ఫ్యాక్టరీ నష్టాల్లో ఉన్నా భూమి, మిషన్లు ఉంటయ్. లోన్ల కంపెనీకి ఆస్తి అంటే జనం బాకీ ఉన్న కాగితాలే, ఆ లోన్లు ఇచ్చిన పైసల్లో కూడ కంపెనీ సొంతం వందకు పదిహేనో ఇరవయ్యో, మిగతాదంతా బ్యాంకుల కాడ, బాండ్లు కొన్నోళ్ల కాడ తెచ్చిన అప్పు. వందకు పదిహేను రూపాయలు వసూలు కాలేదంటే అప్పిచ్చినోళ్లకు పెద్దగ ఏం కాదు గాని షేర్‌హోల్డర్ల వాటా మాత్రం పూర్తిగ తుడుచుకపోతది. 

ప్రశ్న: ఆర్‌బీఐ ఏ బ్యాంకునూ మునగనియ్యదంట కదా, మరి భయం దేనికి?

అందరికంటే ఎక్కువ పైసలు పోగొట్టుకునేది ఈ ఒక్క మాట నమ్మినోళ్లే, అందుకే జర వివరంగ చెప్త. ఆర్‌బీఐ కాపాడేది డిపాజిట్లు పెట్టినోళ్లను, బ్యాంకింగ్ వ్యవస్థను. షేర్‌హోల్డర్‌ను కాపాడే బాధ్యత దానికి లేదు. కంపెనీ బతకడం వేరు, నీ షేరు బతకడం వేరు.

మన హైదరాబాద్ ముచ్చటనే తీసుకుందాం. గ్లోబల్ ట్రస్ట్ బ్యాంక్ 1994ల సికింద్రాబాద్ కేంద్రంగ మొదలైంది, అప్పట్ల కొత్త ప్రైవేటు బ్యాంకుల్లో మస్తు పేరున్నది. స్టాక్ మార్కెట్ బ్రోకర్లకు ఇచ్చిన అప్పులు తిరిగి రాక దెబ్బతిన్నది, 2004 జూలైల ఆర్‌బీఐ అడిగితే కేంద్రం మారటోరియం (పైసలు తీసుకునుడు మీద కట్టడి) పెట్టింది, ఆగస్టుల ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్‌ల కలిపేసిన్రు. డిపాజిటర్ల పైసలు భద్రంగ ఉన్నయ్. షేర్లు పట్టుకున్నోళ్ల చేతికి ఏం రాలే.

2020 నవంబర్‌ల లక్ష్మీ విలాస్ బ్యాంక్. 17న మారటోరియం, మనిషికి 25 వేల కంటే ఎక్కువ తీసుకోవద్దన్నరు, అదే నెల 27న డీబీఎస్ బ్యాంక్ ఇండియాల విలీనం. డీబీఎస్ 2,500 కోట్లు తెచ్చి పెట్టింది, బ్రాంచులు నడిచినయ్, డిపాజిట్లకు ఢోకా లేదు, గాని పాత షేర్ క్యాపిటల్ మొత్తం రద్దు. పది రూపాయలకు దొరుకుతుంది కదా, పెద్ద బ్యాంకు వచ్చి కొంటది, డబుల్ అయితది అని ఎక్కినోళ్లకు పెద్ద బ్యాంకు వచ్చింది, డబుల్ మాత్రం కాలే.

ఇండ్ల లోన్లు ఇచ్చే కంపెనీ డీహెచ్ఎఫ్ఎల్‌ది ఇంకో తీరు. 2019 నవంబర్‌ల ఆర్‌బీఐ బోర్డును పక్కకు పెట్టి దివాలా కోర్టుకు పంపింది. 2021 జూన్‌ల దాన్ని పిరమల్ గ్రూపు తీసుకునే ప్లాన్‌కు ఆమోదం వచ్చిందన్న వార్తకు షేరు ఎగిరింది కూడ, జనం ఎగబడి కొన్నరు. ఆ ప్లాన్‌లనే ఈక్విటీ (పాత షేర్ల) విలువ సున్నా అని ఉన్నది. ఆ కాగితం చదివినోడు అమ్మిండు, హెడ్‌లైన్ చదివినోడు కొన్నడు.

ఇగ యెస్ బ్యాంక్ బతికిన కేసు. 2018ల షేరు 400 దాకా పోయింది. 2020 మార్చిల మారటోరియం, తర్వాత ఎస్‌బీఐ, మిగతా బ్యాంకులు షేరుకు 10 రూపాయల లెక్కన పైసలు పెట్టినయ్, 100 లోపు షేర్లున్నోళ్లను వదిలి మిగతా పాత షేర్‌హోల్డర్ల 75 శాతం షేర్లు మూడేండ్లు అమ్మకుండ లాక్ చేసిన్రు. అదే ఏడాది జూలైల 12 రూపాయలకు ఎఫ్‌పీఓ (లిస్ట్ అయిన కంపెనీ జనానికి మళ్లీ కొత్త షేర్లు అమ్ముడు) పెట్టి ఇంకో 15 వేల కోట్లు తెచ్చిన్రు. బ్యాంకు నిలబడ్డది, 2025ల జపాన్ బ్యాంకు సుమిటోమో మిట్సుయి వచ్చి పెద్ద వాటా కొన్నది, రేటు 21 రూపాయల 50 పైసలు. 400కు కొన్నోడు ఎక్కడున్నడో నువ్వే చూస్కో.

ప్రశ్న: అంటే ఇట్లాంటి షేర్లల్ల లాభపడ్డోడే లేడా?

ఉన్నడు. ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ గుర్తుందా, మహిళా గ్రూపులకు వారం వారం కిస్తీల లోన్లు ఇచ్చేది. 2010 ఆగస్టుల 985 రూపాయలకు ఐపీఓ, సెప్టెంబర్ల 1,400 దాటింది, అక్టోబర్ల ఉమ్మడి ఏపీ ప్రభుత్వం మైక్రోఫైనాన్స్ ఆర్డినెన్స్ తెచ్చింది. మన ఊళ్లల్ల కిస్తీలు కట్టుడు దాదాపు బందైంది. 2012 నాటికి షేరు వంద కిందికి వచ్చింది. అప్పుడు కొని పట్టుకున్నోళ్లు బాగుపడ్డరు. కంపెనీ 2016ల భారత్ ఫైనాన్షియల్ అని పేరు మార్చుకున్నది, 2019ల ఇండస్‌ఇండ్ బ్యాంక్‌ల కలిసింది, వెయ్యి షేర్లకు 639 ఇండస్‌ఇండ్ షేర్లు ఇచ్చిన్రు.

గాని అది ఎందుకు లేచింది? ఐపీఓల వచ్చిన పైసలు చేతిల ఉండె, లోన్లల్ల ఎక్కువ భాగం బయటి రాష్ట్రాల్ల ఉండె, ఏపీ నష్టాన్ని దాచకుండ పుస్తకాల్ల కొట్టేసి 2012ల కొత్త షేర్లు అమ్మి క్యాపిటల్ తెచ్చుకున్నది. హైదరాబాద్‌లనే ఉన్న షేర్ మైక్రోఫిన్, అస్మిత లాంటివి బ్యాంకుల కాడ అప్పుల రీస్ట్రక్చరింగ్‌కు (గడువు, షరతులు మార్పించుకునుడుకు) పోయినయ్, మళ్లీ ఆ సైజుకు రాలే. ఒకే దెబ్బ, ఒకే ఊరు, ఫలితాలు వేరు. తేడా ఎక్కడున్నదంటే నష్టం భరించే సొంత పైస ఎంత ఉన్నది, ఒక్క రాష్ట్రం మీద ఎంత ఆధారపడ్డది అన్న కాడ.

ప్రశ్న: బుక్ వాల్యూ 15 ఉన్నది, రేటు 6. సగం కంటే తక్కువకే వస్తుంది కదా?

బుక్ వాల్యూ అంటే షేర్‌హోల్డర్ల సొంత పైసల ఒక్క షేరుకు వచ్చే వాటా, అది కంపెనీ చెప్పిన లెక్క. ఐకేపీ సెంటర్ల వడ్ల బస్తా పైన గింజ మంచిగనే ఉంటది, తాలు ఎంతున్నదో కుప్ప పోసి తూర్పార పట్టినంక తెలుస్తది, లోన్ బుక్ (కంపెనీ ఇచ్చిన లోన్ల మొత్తం) కూడ అంతే.

ఒక ఊహ లెక్క వేద్దాం. కంపెనీ ఇచ్చిన లోన్లు 2,000 కోట్లు, షేర్‌హోల్డర్ల సొంత పైస 300 కోట్లు, షేర్ల సంఖ్య 20 కోట్లు. షేరుకు బుక్ వాల్యూ 15. గ్రాస్ ఎన్‌పీఏ (కిస్తీలు ఆగిన మొత్తం మొండి బాకీలు) 12 శాతం అంటే 240 కోట్లు, దానికి నష్టం వస్తదని ఇప్పటిదాక పక్కకు పెట్టిన ప్రొవిజన్ 80 కోట్లు. మిగిలిన 160 కోట్లు వసూలైతయ్ అనే నమ్మకం మీద ఆ 15 నిలబడ్డది. అవి రాకపోతే సొంత పైస 140 కోట్లు, షేరుకు 7 రూపాయలు. 6కు కొన్నది ఇంకా చౌకే కదా అంటవు, ఆగు. క్యాపిటల్ నిష్పత్తి (లోన్లతోటి పోలిస్తే సొంత పైస) 15 శాతం ఉండాల్సిన కాడ 8 దగ్గరికి వచ్చింది, కొత్త పైస తేవాలె. 200 కోట్లు కావాలె, కష్టాల్ల ఉన్నోడికి ఎవరు మంచి రేటు ఇస్తరు, 5 రూపాయలకు ఇచ్చిన్రు అనుకుందాం, కొత్తగ 40 కోట్ల షేర్లు వచ్చినయ్. ఇప్పుడు సొంత పైస 340 కోట్లు, షేర్లు 60 కోట్లు, షేరుకు 5 రూపాయల 67 పైసలు. కంపెనీ బతికింది, ఆరోగ్యంగ కూడ ఉన్నది, 15 బుక్ వాల్యూ చూసి 6కు కొన్న నువ్వు ఇప్పుడు బుక్ కంటే ఎక్కువ పెట్టి కొన్నట్టు అయింది, పైగ కంపెనీల నీ వాటా మూడో వంతుకు పడ్డది.

ప్రశ్న: మరి ఏ నంబర్లు చూడాలె, ఎక్కడ దొరుకుతయ్?

బీఎస్ఈ, ఎన్ఎస్ఈ సైట్లల్ల కంపెనీ పేరు కొడితే క్వార్టర్ రిజల్ట్స్, ఇన్వెస్టర్ ప్రెజెంటేషన్, కాన్‌కాల్ (కంపెనీ పెద్దలు ఇన్వెస్టర్లతోటి ఫోన్ల మాట్లాడేది) రాతప్రతి అన్నీ ఫ్రీగనే ఉంటయ్. క్వార్టర్ అయిపోయిన 45 రోజుల్ల రిజల్ట్ ఇయ్యాలె, సంవత్సరం రిజల్ట్‌కు 60 రోజులు. ఆఖరి రోజు రాత్రి దాక లాగే కంపెనీని నేనైతే జర అనుమానంతోనే చూస్త.

లాభం సంగతి తర్వాత చూడు, ముందు పైస తిరుగుతుందా లేదా చూడు. వచ్చే ఏడాది లోపల కట్టాల్సిన అప్పు ఎంత, చేతిల క్యాష్ ఎంత, లోన్ల నుంచి వచ్చే కిస్తీలు ఎంత. లోన్ల కంపెనీలు నష్టాలతోటి నెమ్మదిగ కుంగుతయ్ గాని ఒక్కసారే కూలేది క్యాష్ అయిపోయినప్పుడే. బ్యాంకులు కొత్త అప్పు ఇయ్యడం ఆపితే ఉన్న లోన్ల మీద వచ్చే కిస్తీలన్నీ పాత బ్యాంకు అప్పులు కట్టడానికే పోతయ్, కొత్త లోన్లు ఇయ్యలేరు, బుక్ చిన్నగ అయితది, చిన్నగయ్యే బుక్ మీద ఎన్‌పీఏ శాతం దానంతట అదే పెరుగుతది.

తర్వాత ఎన్‌పీఏ. గ్రాస్ ఎన్‌పీఏ తగ్గింది అని చెప్తే ఎట్ల తగ్గిందో అడుగు. వసూలైందా, రైటాఫ్ చేసిన్రా (పుస్తకాల్ల కొట్టేసిన్రా), లేకపోతే ఏఆర్‌సీకి (మొండి బాకీలు కొనే కంపెనీకి) అమ్మి పైసలకు బదులుగ సెక్యూరిటీ రిసీట్లు, అంటే వసూలైతే పైసలు ఇస్తమనే కాగితాలు, పట్టుకున్నరా. మూడోదైతే పాత బాకీ పేరు మార్చుకొని అదే ఇంట్ల ఉన్నట్టు. రీస్ట్రక్చర్ చేసిన లోన్లు కొన్ని, 30 రోజుల పైన కిస్తీ తప్పి ఇంకా ఎన్‌పీఏ గడువు దాటనివి ఎన్‌పీఏ కింద కనపడవు, వాటిని విడిగ చూడాలె. చిన్న ఎన్‌బీఎఫ్‌సీలకు ఇదివరకు 180 రోజులు దాటితేనే ఎన్‌పీఏ అనే వెసులుబాటు ఉండె, దాన్ని మెట్లు మెట్లుగ తగ్గించి 2026 మార్చి ఆఖరుకు 90 రోజులకు తెచ్చిన్రు, అందుకని పాత సంవత్సరాల శాతాలతోటి కొత్తవి నేరుగ పోల్చుడు కుదరదు.

ఆడిటర్ రిపోర్టు మాత్రం తప్పకుండ చదువు, మొత్తం కాదు, మొదటి రెండు మూడు పేజీలు. 'గోయింగ్ కన్సర్న్' (కంపెనీ ముందుకు నడుస్తదా అన్నది) మీద అనుమానం, బ్యాంకులకు ఒప్పుకున్న షరతులు తప్పినయ్ అన్న మాట, క్వాలిఫైడ్ ఒపీనియన్ (లెక్కల మీద ఆడిటర్ అభ్యంతరం), ఇవి ఉంటే అక్కడ్నే ఆగు. ఆడిటర్ టర్మ్ మధ్యల రాజీనామా చేస్తే ఇంకా ముందే ఆగు.

ప్రశ్న: ఆర్‌బీఐ పీసీఏల పెట్టింది అంటే ఏంది?

ప్రాంప్ట్ కరెక్టివ్ యాక్షన్, అంటే దిద్దుబాటు చర్యల కింద పెట్టుడు. నెట్ ఎన్‌పీఏ (ప్రొవిజన్ తీసేసినంక మిగిలిన మొండి బాకీ) 6 శాతం దాటినా, క్యాపిటల్ తగ్గినా డివిడెండ్ మీద, కొన్నిసార్లు కొత్త బ్రాంచుల మీద కట్టడి పడుతది, ప్రమోటర్‌ను (కంపెనీ పెట్టి నడిపే అసలు యజమానిని) పైస తెమ్మంటరు. బ్యాంకులకు పాతదే, ఎన్‌బీఎఫ్‌సీలకు 2022 అక్టోబర్ నుంచి వచ్చింది. డిపాజిట్లు తీసుకోని, వెయ్యి కోట్ల లోపు ఆస్తులున్న చిన్న కంపెనీలు దీని కిందికి రావు. కాబట్టి పీసీఏల లేదు అన్నది చిన్న కంపెనీకి సర్టిఫికెట్ ఏం కాదు.

ప్రశ్న: రైట్స్ ఇష్యూ మెసేజ్ వచ్చింది. తీసుకోవాల్నా వదలాల్నా?

రైట్స్ ఇష్యూ అంటే పాత షేర్‌హోల్డర్లకు కొత్త షేర్లు అమ్ముడు. మూడు దారులున్నయ్, ఊకె కూచునుడు అందులో లేదు. అప్లై చెయ్యొచ్చు, లేదా డీమ్యాట్‌ల పడ్డ రైట్స్ ఎంటైటిల్‌మెంట్‌ను (ఆ కొత్త షేర్లు కొనే హక్కును) మార్కెట్ల అమ్మొచ్చు, లేదా ఇష్యూకు ముందే పాత షేర్లు కూడ అమ్మి బయటపడొచ్చు. ఏం చెయ్యకపోతే ఆ ఎంటైటిల్‌మెంట్ గడువు దాటినంక మురిగిపోతది, వాటా పలుచనైతది. దాన్ని మార్కెట్ల అమ్మే గడువు ఇష్యూ క్లోజ్ కంటే కొన్ని రోజుల ముందే ముగుస్తది, చానమంది అక్కడ్నే పైసలు పోగొట్టుకుంటున్నరు.

అప్లై చేసే ముందు ఒక్కటి చూడు, ప్రమోటర్ తన వాటా మేరకు పూర్తిగ పెడుతున్నడా. ఆయన వదిలేస్తున్న ఇష్యూల నువ్వెందుకు పెట్టాలె?

ప్రశ్న: ప్రమోటర్ మార్కెట్ల కొంటున్నడు, ఇది మంచి గుర్తే కదా?

కావొచ్చు. తాకట్టు కూడ చూడు, ప్రతి క్వార్టర్ షేర్‌హోల్డింగ్ ప్యాటర్న్‌ల ప్రమోటర్ షేర్లు ఎన్ని తాకట్టుల ఉన్నయో ఉంటది. సగం షేర్లు తాకట్టు పెట్టినోడు రేటు పడకుండ కొద్దిగ కొనడం వేరే కథ.

ప్రశ్న: ఆ కంపెనీ బ్రాంచ్ మా దేవరకొండల ఉన్నది, నాకు లోపలి సంగతి తెలుస్తది. పనికొస్తదా?

పనికొస్తది, ముంబైల కూచున్న అనలిస్టుకు లేని సౌకర్యం ఇది. కలెక్షన్‌కు వచ్చే పోరలు ఆర్నెల్లకొకసారి మారుతున్నరా, పాత కిస్తీ కట్టించుకోవడానికి అదే మనిషికి కొత్త లోన్ ఇస్తున్నరా, ఒక్క ఇంట్లనే ముగ్గురు కలిసి నాలుగు కంపెనీల కాడ లోన్లు తీసుకున్నరా, పేపర్ల బంగారం వేలం నోటీసులు, ఇండ్ల స్వాధీనం నోటీసులు ఒక్కసారి పెరిగినయా, ఇవన్నీ రిజల్ట్ కంటే రెండు క్వార్టర్ల ముందు చెప్తయ్. కొత్త లోన్ ఇచ్చి పాత కిస్తీ కట్టించుడు కనపడితే నేను ఇగ వేరే లెక్కలు చూడను. మన దిక్కు వానలు, పత్తి రేటు, రైతుబంధో భరోసానో ఎప్పుడు పడ్డది, ముంబై పోయిన పాలమూరోళ్లు పైసలు పంపిన్రా లేదా అన్న దాన్ని బట్టి కూడ కిస్తీలు అటూఇటూ అయితయ్, అది చూసి భయపడేది లేదు.

గాని కంపెనీ ఐదు రాష్ట్రాల్ల ఉంటే నీ దేవరకొండ బ్రాంచ్ అందులో చిటికెడు. ఇక్కడ మంచిగున్నంత మాత్రాన అక్కడ మంచిగుంటదని కాదు. గద్వాల, నారాయణపేట దిక్కున్నోళ్లకు తెలుసు, 2025 ఫిబ్రవరిల కర్ణాటక మైక్రోఫైనాన్స్ వేధింపుల మీద ఆర్డినెన్స్ తెచ్చింది, ఆర్‌బీఐ రిజిస్ట్రేషన్ ఉన్న కంపెనీలకు వర్తించదని అందులనే ఉన్నా, రాయచూర్ దిక్కు కట్టేటోళ్లు అంత చదివి ఆగుతరా.

ఇంకోటి, బ్రాంచ్ మేనేజర్ దోస్తు చెవుల వేసిన రిజల్ట్ ముందస్తు సంగతి మీద షేరు కొంటే అది ఇన్‌సైడర్ ట్రేడింగ్. రోడ్డు మీద కనిపించేది చూడుడు వేరు.

ప్రశ్న: షేరు వద్దు, అదే కంపెనీ బాండ్ 12 శాతం ఇస్తుంది. అది సేఫా?

షేరు కంటే ముందు వరుసల ఉంటది, అంతే. సెక్యూర్డ్ ఎన్‌సీడీ (కంపెనీ ఆస్తి తాకట్టు ఉన్న బాండ్) అయితే కొంత నయం. బ్యాంకు డిపాజిట్ల మీద ఉండే 5 లక్షల ఇన్సూరెన్స్ బాండ్లకు లేదు, షేర్లకు లేదు, ఎన్‌బీఎఫ్‌సీ డిపాజిట్లకు కూడ లేదు. యెస్ బ్యాంక్ కేసుల ఏటీ1 బాండ్లు (బ్యాంకు కష్టాల్ల పడితే రద్దు చెయ్యొచ్చనే షరతున్నవి) 8,415 కోట్ల మేర సున్నా చేసిన్రు, ఎఫ్‌డీ లాంటిదే అని చెప్తే తీసుకున్న పెద్దమనుషులు అందులో ఉన్నరు.

ప్రశ్న: మా టౌన్ ఫైనాన్స్ కంపెనీ నేరుగ మాకే షేర్లు ఇస్తా అంటుంది, మార్కెట్ల లేదు. తీసుకోవచ్చా?

నేనైతే తీసుకోను. లిస్ట్ కాని షేరు అమ్మాలంటే కొనేటోణ్ని నువ్వే వెతుక్కోవాలె. లిస్ట్ కానంత మాత్రాన చెడ్డదని కాదు, పాలమూరు కేంద్రంగ నడిచే కృష్ణా భీమా సమృద్ధి లోకల్ ఏరియా బ్యాంకు షేరు కూడ ఎక్స్‌ఛేంజ్‌ల దొరకదు, అది ఆర్‌బీఐ లైసెన్స్ ఉన్న బ్యాంకు. నీ టౌన్ కంపెనీ పేరు ఆర్‌బీఐ సైట్ల ఎన్‌బీఎఫ్‌సీల లిస్టుల ఉన్నదా ముందు చూడు. ఒక ఆర్థిక సంవత్సరంల 200 మంది కంటే ఎక్కువ మందికి ప్రైవేటుగ షేర్లు అమ్మడానికి కంపెనీల చట్టం ఒప్పుకోదు, ఫంక్షన్ హాల్ల మీటింగ్ పెట్టి అమ్ముతున్నరంటే అక్కడ్నే తెలిసిపోతది. అనుమానం ఉంటే ఆర్‌బీఐ సచేత్ పోర్టల్‌ల ఫిర్యాదు పెట్టొచ్చు.

ప్రశ్న: టెలిగ్రామ్ గ్రూపుల 'టార్గెట్ 40' అని పెట్టిన్రు.

పెట్టినోడు 5 కాడ కొన్నడు. రోజూ అప్పర్ సర్క్యూట్ (ఒక్క రోజుల పెరగనిచ్చే పై హద్దు) పడే చిన్న షేరుకు లోయర్ సర్క్యూట్ (పడనిచ్చే కింది హద్దు) కూడ రోజూ పడొచ్చు, ఆ రోజు కొనేటోడు ఒక్కడు కూడ ఉండడు, నువ్వు అమ్ముత అని పెట్టిన ఆర్డర్ సాయంత్రం దాక అట్లనే ఉంటది.

ప్రశ్న: 20 కాడ కొన్న, ఇప్పుడు 8. తక్కువల ఇంకొన్ని కొని యావరేజ్ చెయ్యాల్నా?

నీ దగ్గర ఈ షేరు అసలు లేదు అనుకో, ఇయ్యాల 8కి కొత్తగ కొంటవా? కొనను అంటే యావరేజ్ దేనికి. చాన పెద్ద కంపెనీల షేర్లు కలిపి ఉండే ఇండెక్స్ ఫండ్‌ల యావరేజ్ చెయ్యడానికి, క్యాపిటల్ కరిగిపోతున్న లోన్ల కంపెనీల చెయ్యడానికి సంబంధం లేదు. ఏదన్న పెట్టాలె అనిపిస్తే క్యాపిటల్ వచ్చినంక పెట్టు, రేటు 8 నుంచి 11కు పోయినా సరే. ఆ మూడు రూపాయలు ఎక్కువ కట్టినా కంపెనీ బతుకుతదా లేదా అన్న సగం భయం పోయినట్టే.

ప్రశ్న: రెండ్రూపాయల మిత్తికి తెచ్చి పెట్టొచ్చా?

వద్దు. ఏడాదికి 24 శాతం మిత్తి, షేరు పెరిగినా పెరగకపోయినా నెల నెల కట్టాలె. సొంత పైసలైనా మొత్తం పోతే ఇంట్ల పిల్ల ఫీజు ఆగొద్దు, అంత వరకే.

ప్రశ్న: నష్టానికి అమ్మితే టాక్స్ల ఏమన్న కలిసొస్తదా?

వస్తది. షార్ట్ టర్మ్ (కొన్న ఏడాది లోపల అమ్మిన) నష్టాన్ని షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్ లాభాలు రెండిటి నుంచి తీసేసుకోవచ్చు, లాంగ్ టర్మ్ నష్టం లాంగ్ టర్మ్ లాభం నుంచి మాత్రమే. ఆ ఏడు లాభాలు లేకపోతే ఎనిమిదేండ్లు ముందుకు తీసుకపోవచ్చు, గాని రిటర్న్ గడువు లోపల వెయ్యాలె, లేటయితే ఆ హక్కు పోతది. ట్రేడింగ్ నడుస్తున్నప్పుడు అమ్మితే లెక్క సాఫ్‌గ ఉంటది, షేరు రద్దయి డీమ్యాట్ల నుంచే మాయమైనంక నష్టం చూపించుకోవాలంటే ఆఫీసర్‌తోటి పేచీలు వస్తయ్. మార్చి 31 లోపల అమ్మాలె కాబట్టి సీఏ కాడికి ఫిబ్రవరిలనే పోండి, మార్చి ఆఖరు వారం ఆయనకు మన ఫైల్ విప్పే టైం కూడ ఉండదు.